జానపద పాట వీడియో తీస్తున్నారా? ఆడమనిషిని ఆటబొమ్మగా చూపకుండా తీసే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడు పాట వీడియో తీయడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక కెమెరా, అది కుదుపు లేకుండా కదలడానికి ఒక జింబల్, అద్దెకు తెచ్చిన డ్రోన్, పాట వినిపించడానికి ఒక బ్లూటూత్ స్పీకరు చేతిలో ఉండి, ఉద్దానంలో ఎవరిదైనా కొబ్బరితోటో, కళింగపట్నం ఒడ్డున కాస్త చోటో దొరికితే ఒక్క రోజులో పాట చుట్టేయవచ్చు. ఇలా తీసిన మన యాస పాటలు ఇవాళ పెళ్లి బరాతుల్లోనూ, ఆటోల్లోనూ, ఇతర జిల్లాల ఫోన్లలోనూ మోగుతున్నాయి. సంతోషమే. అయితే పాట మనదే అయినా, అందులో ఆడమనిషిని చూపే తీరు మాత్రం ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నదిగా ఉంటోంది.

ఈ వ్యాసం అలాంటి పాటలు రాసేవారికీ, తీసేవారికీ, ఎడిట్ చేసేవారికీ ఉద్దేశించినది. ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. పాటలో స్త్రీని కించపరిచేది ఆమె కట్టుకున్న బట్ట పొడవు కాదు. నిండుగా చీర కట్టించి కూడా ఎంత నీచంగానైనా తీయవచ్చు. కించపరిచేవి కెమెరాను ఏ ఎత్తులో పెట్టాలి, ఏ కదలికను నెమ్మది చేయాలి, థంబ్‌నైల్‌కు, అంటే నొక్కకముందు కనిపించే బొమ్మకు, ఏ ఫ్రేము పెట్టాలి వంటి చిన్న చిన్న నిర్ణయాలే. వాటిని ఎండలో, తొందరలో, లొకేషన్‌లో నిలబడి తీసుకుంటే పాత అలవాటే గెలుస్తుంది కాబట్టి, చాలావరకు ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

ముందు శబ్దం తీసేసి చూడండి

బాగా నడిచిన ఒక పాట వీడియోను ఎంచుకొని, శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. డప్పు మోగుతున్నంతసేపూ మన కాలు ఆడుతుంది తప్ప కన్ను పనిచేయదు. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఆమె ముఖం కనిపించిన షాట్లను ఒకవైపు, తల లేకుండా నడుమో వీపో కాళ్లో మాత్రమే కనిపించిన షాట్లను మరొకవైపు గుర్తు పెట్టండి. రెండోసారి చూసేటప్పుడు ఎవరు ఎవరిని చూస్తున్నారో గమనించండి. మూడోసారి, ఎవరి చేతిలో ఏముందో చూడండి: అతనికి బండి ఉంటుంది, ట్రాక్టరు ఉంటుంది, వెనక నలుగురు స్నేహితులు ఉంటారు, ఆమెకు చాలాసార్లు కొంగు తప్ప మరేమీ ఉండదు. ఈ పనిని మీ బృందమంతా కలిసి కూర్చొని చేస్తే మంచిది, ఎందుకంటే కెమెరామన్‌కు కనిపించనిది మేకప్ చేసే అమ్మాయికి మొదటిసారే కనిపించవచ్చు.

ఈ చూపించే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. సినిమాలో కెమెరా మగవాడి కన్నుగా మారి, స్త్రీని చూడదగిన వస్తువుగా నిలబెడుతుందని బ్రిటన్‌కు చెందిన సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లో ఒక వ్యాసంలో వివరించారు. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ అనే పాటల టీవీ ఛానల్ మొదలై, పాటను వినడంతోపాటు చూడటం కూడా అలవాటయ్యాక ఆ కన్ను మూడు నాలుగు నిమిషాల నిడివిలోకి కుదించుకుపోయింది. అక్కడి వీడియోల ముక్కలనే వరుసగా పేర్చి, వాటిలో స్త్రీలు ఎలా ఒకే మూసలో కనిపిస్తున్నారో సట్ జాలీ అనే ఆచార్యుడు 'డ్రీమ్‌వరల్డ్స్' అనే డాక్యుమెంటరీలలో చూపించారు. వాటిలో మూడోది 2007లో వచ్చింది. మన దగ్గర ఆ పద్ధతి సినిమా ప్రత్యేక గీతాల్లోకి, వాటిని అనుకరించిన జాతర రికార్డింగ్ డాన్సుల్లోకి, అక్కడినుంచి ఫోను తెరల్లోకి దిగింది. తెలుగు సినిమా పాటల్లో స్త్రీలను కించపరిచే నృత్య భంగిమలు మానుకోవాలని తెలంగాణ మహిళా కమిషన్ 2025 మార్చిలో హెచ్చరించాల్సి వచ్చిందంటే, అలవాటు ఎంత పాతుకుపోయిందో ఊహించవచ్చు.

పల్లవి దగ్గరే సగం తేలిపోతుంది

తరువాతి పని సాహిత్యాన్ని పరిశీలించడం. బావామరదళ్ల సరసం ఉత్తరాంధ్ర పాటకు ప్రాణం. దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. అయితే సరసంలో రెండు నోళ్లు ఉంటాయి. అతను ఒకటి అంటే ఆమె రెండంటుంది, పాట అక్కడే పండుతుంది. ఒక్క నోరే పాడుతూ రెండోది సిగ్గుపడుతూ తిరుగుతుంటే అది సరసం కాదు. ఉదాహరణకు ఒక చరణం ఇలా వచ్చిందనుకుందాం:

సంత కాడ నిన్ను సూసి
సైకిలేసుకొచ్చినాను
సీ పొమ్మన్నా సిన్నదాన
సిటికెనేలు ఇడవనులే

యాస ఉంది, అనుప్రాస ఉంది, ట్యూనులో ఇట్టే కూర్చుంటుంది. కానీ చెబుతున్నది ఏమిటి? ఆమె పొమ్మంది, అతను పోనంటున్నాడు. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపిన స్త్రీని మాటిమాటికీ వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇంతకుముందు ఇది భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్‌గా ఉండేది, 2024 జులై 1 నుంచి కొత్త సంఖ్య వచ్చింది. పాటలో పాత్ర అలా ప్రవర్తించినంత మాత్రాన కవి మీద కేసు పడదు. అయితే మూడో చరణంలో ఆమె నవ్వేసి బండెక్కినట్లు చూపిస్తే, "పొమ్మంటే రమ్మని అర్థం" అని ఊళ్లోని కుర్రాళ్లకు మనం పాఠం చెప్పినట్లవుతుంది. జూనియర్ కాలేజీకి బస్సులో వెళ్లి వచ్చే ఆడపిల్లను అడిగితే ఆ పాఠం ఎంత బాగా వంటబట్టిందో చెబుతుంది.

అదే చరణాన్ని పారేయకుండా ఆమెకు జవాబు రాయండి. ఆమెకు ముందుగా ఒక పని ఇవ్వండి. సంతలో ఆమె ఏం చేస్తోంది? కొండచీపుర్లు అమ్ముతోందనుకుందాం.

సైకిలేసుకొచ్చినోడా
సంతలోన పనేటి నీకు
సీపురుకట్ట బేరమాడి
సిల్లరిచ్చి కదులు బావ

ఇప్పుడు ఆమెకు సంత ఉంది, సరుకు ఉంది, నోరు ఉంది. అతని వెంటపడటం కాస్తా బేరమైపోయింది. ఓడిపోతున్నది అతనే కాబట్టి నవ్వు కూడా అతని మీదనే. పైగా వీడియో తీసేవారికి చీపురుకట్టలు, తూకం రాళ్లు, చిల్లర లెక్కపెట్టే వేళ్లు అంటూ చూపడానికి బోలెడు సామగ్రి దొరికింది. పాత్రకు పని దొరికితే కెమెరాకూ పని దొరుకుతుంది. పని లేని పాత్రను చూపాల్సి వచ్చినప్పుడే కెమెరా నడుము మీదికి జారుతుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. విజయనగరంలో 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో గురజాడ, సంఘం వేలెత్తి చూపే వృత్తిలోని మధురవాణికి పెద్దమనుషులందరి కంటే పదునైన నోరిచ్చారు. అదే జిల్లాల నుంచి వచ్చే పాటలో ఆడమనిషికి ఒక్క పాదం కూడా దక్కకపోవడం నాకు మాత్రం చిన్నతనంగానే అనిపిస్తుంది.

సాహిత్యంలో ఇంకొక్కటి చూసుకోండి. ఆమెను తినే వస్తువులతోనూ, బండ్ల విడిభాగాలతోనూ పోల్చే పాదాలు వచ్చినప్పుడు, అదే పోలిక అతనికి పెట్టి పాడి చూడండి. అప్పుడు కూడా పాట నిలబడితే ఉంచుకోవచ్చు.

డాన్సరుతో మాట, ఆ తరువాత కాగితం

పాట ఖరారైన తరువాత డాన్సరుకు ట్రాకు ఒక్కటే పంపి "రేపు ఆదివారం షూట్" అని చెప్పే పద్ధతి మానుకోవాలి. సాహిత్యం రాతపూర్వకంగానూ, స్టెప్పుల తీరు తెలిపే నమూనా వీడియోనూ, వేసుకోవలసిన దుస్తుల ఫొటోలనూ కనీసం వారం ముందు పంపాలి. వేసుకోనని ఆమె చెప్పిన దుస్తును పక్కన పెట్టేయాలి. లొకేషన్‌కు వచ్చాక "అందరూ వేసుకుంటున్నారమ్మా" అని బతిమాలడం కూడా ఒత్తిడే అవుతుంది.

ఒప్పందం పెద్ద పత్రం కానవసరం లేదు, ఒక పేజీ చాలు. పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారు, పని ఎన్ని గంటలు, రాకపోకల ఖర్చు ఎవరిది, వీడియో ఏ ఛానల్లో వస్తుంది, దాన్నుంచి కోసిన ముక్కలను రీల్స్‌గానూ ప్రకటనలుగానూ వాడుకోవచ్చా, విడుదలకు ముందు ఆమెకు చూపిస్తారా అన్న విషయాలు అందులో ఉండాలి. చివరి రెండు అంశాలనే చాలామంది రాయరు, గొడవలన్నీ అక్కడినుంచే వస్తాయి.

వయసును ఆధార్ కార్డులో చూసి నిర్ధారించుకోండి, ముఖం చూసి కాదు. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయిని సరసపు పాటలో నాయికగా పెట్టవద్దు. ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపువారినందరినీ పిల్లలుగానే చూస్తుంది. పాటలో చిన్నపిల్లల పాత్రలు ఉంటే, పద్నాలుగేళ్ల లోపువారికి కలెక్టరు అనుమతి తీసుకోవాలి, రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు, వారి సంపాదనలో కనీసం ఇరవై శాతం వారి పేరుమీద జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయాలి. బాలకార్మిక నిబంధనల్లోని ఈ భాగం సినిమావాళ్లకే అనుకోవడం పొరపాటు.

షాట్ డివిజన్: అసలు పని ఇక్కడే

షాట్ డివిజన్, అంటే ఏ పాదానికి ఏ షాటో ముందే రాసుకునే పట్టిక, రాసుకునే అలవాటు లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టండి. షాటు సంఖ్య, పాటలో ఏ పాదం, ఫ్రేములో ఎవరు, కెమెరా ఎత్తు అనే గడులకు పక్కన "ఎందుకు" అని మరొక గడి గీయండి. ప్రతి షాటుకూ ఆ గడిలో ఒక్క వాక్యం రాయాలి. "చీపురు బేరం మొదలైంది" అని రాయగలిగితే షాటు ఉంటుంది. "మాస్ కోసం" అని తప్ప మరొకటి తోచకపోతే కొట్టేయండి.

ఒంట్లో ఒక భాగాన్ని మాత్రమే చూపడమే తప్పనుకోవద్దు. చీపురుకట్టను బిగించే చేతిని దగ్గరగా చూపిన షాటు కూడా ఒక భాగమే కదా. అయితే ఆ చేయి ఏదో చేస్తోంది, ఆ చేయి ఎవరిదో ముందు షాటులోనో తరువాతి షాటులోనో మనకు తెలుస్తుంది. నడుము మీద నిలిచిపోయి, నెమ్మదించి, తల వరకు వెళ్లకుండా కట్ అయిపోయే షాటులో నడుముకు మనిషి ఉండదు. ఆ ముక్కను ఇంకో అమ్మాయితో తీసి అతికించినా ప్రేక్షకుడికి తేడా తెలియదంటే, ఆ షాటులో ఆమె లేనట్లే. నియమం కావాలంటే ఇది పెట్టుకోండి: ఆమె ముఖం పరిచయం కాకముందు ఆమె ఒంటిని విడిగా చూపే షాటు పాటలో ఉండకూడదు.

కెమెరా ఎత్తు గురించి వివరంగా చెప్పాలి. మన పాటల్లో వరినాట్ల స్టెప్పు తరచుగా వస్తుంది. నలుగురు ఆడవాళ్లు వరుసగా ముందుకు వంగి, చేత్తో మొక్క గుచ్చినట్లు వేసి, లేచి వెనక్కి ఒక అడుగు వేస్తారు. చూడచక్కని స్టెప్పు. దీనికి కెమెరాను ఎదురుగా, కాస్త పైన పెడితే మొక్కా కనబడదు, అడుగూ కనబడదు. జాకెట్టు మెడ మాత్రమే కనబడుతుంది. అదే కెమెరాను పక్కకు తెచ్చి నడుము ఎత్తులో పెడితే, వంగి లేచే నాలుగు వీపుల వరుస అలలా కదులుతుంది, చేతివేగం తెలుస్తుంది, మడిలో నీళ్లు చిందడం కనిపిస్తుంది. స్టెప్పు అదే, మనుషులూ వాళ్లే. గిరగిర తిరిగే స్టెప్పు వచ్చినప్పుడు కెమెరాను నేల మీద పెట్టి పైకి చూపడమూ ఇలాంటిదే. అది ఎందుకు పెడుతున్నారో లొకేషన్‌లో ఉన్న అందరికీ తెలుసు, పైకి అనరు, అంతే.

దగ్గరి షాట్ల వల్ల నష్టపోయేది నిజానికి నృత్యమే. తీన్‌మార్ దెబ్బకు పాదం పడటం, మోకాలు వంగటం, భుజం ఆడటం ఒకేసారి కనిపిస్తేనే ఆమె ఎంత బాగా ఆడుతోందో తెలుస్తుంది. కాబట్టి ముఖ్యమైన స్టెప్పును తల నుంచి పాదం వరకు నిండు ఫ్రేములో, కోత లేకుండా తాళంలో కనీసం ఎనిమిది లెక్కల వరకు ఉంచండి. డాన్స్ మాస్టరు కూడా దీనికే ఓటేస్తాడు.

అనుమానం వచ్చిన ప్రతి షాటునూ తిరగేసి చూడండి: అక్కడ ఆమె బదులు అతన్ని ఉంచి, అదే కెమెరాతో, అదే నెమ్మదితో తీస్తే ఎలా ఉంటుంది? నవ్వు వస్తే, ఆ షాటు మనిషిని కాక వస్తువును చూపడానికి పుట్టిందని అర్థం. పాశ్చాత్య పాప్ సంగీతంలో ఇది అక్షరాలా జరిగింది. 1986లో గాయకుడు రాబర్ట్ పామర్ ఒక వీడియోలో తన వెనక ఒకే రకం నల్లదుస్తులు, ఒకే రకం మేకప్, కదలని ముఖాలతో అమ్మాయిలను వాద్యబృందంగా నిలబెట్టాడు. 1999లో గాయని షనాయా ట్వైన్ తన వీడియోలో అదే ఏర్పాటును తిప్పి, తన వెనక మగవాళ్లను అలాగే నిలబెట్టింది. రెండూ పక్కపక్కన చూస్తే మాటలతో చెప్పనక్కరలేకుండా విషయం బోధపడుతుంది.

వెనక ఆడే అమ్మాయిలనూ మరచిపోకూడదు. ఒక్కొక్కరికీ కనీసం ఒక షాటులో ముఖం దక్కేలా చూడండి. అతని వెనక ఈలలు వేసే నలుగురు స్నేహితులకు కూడా ఈల కాకుండా మరో పని ఇవ్వండి, లేదా ఆ నలుగురినీ తీసేయండి. నల్లగా ఉన్న స్నేహితురాలిని, లావుగా ఉన్న వదినను నవ్వులాటకు మాత్రమే వాడే పాత పద్ధతిని కూడా ఇక్కడే కొట్టేయాలి.

లొకేషన్‌లో

తోటల్లోనూ సముద్రం ఒడ్డునా పెద్ద ఇబ్బంది బట్టలు మార్చుకోవడానికి చోటు లేకపోవడం. దగ్గర్లో ఒక ఇంటివాళ్లతో ముందురోజే మాట్లాడి, గడియ ఉన్న గది, మరుగుదొడ్డి ఏర్పాటు చేయండి. కారులో తువ్వాలు కట్టి మార్చుకోమనడం ఏర్పాటు కాదు. బృందంలో కనీసం మరొక స్త్రీ ఉండాలి, డాన్సరు తన వెంట ఎవరినైనా తెచ్చుకుంటానంటే వారికీ భోజనం లెక్క వేసుకోవాలి.

ఊళ్లో షూటింగ్ అంటే జనం చేరతారు, చేరినవారి చేతుల్లో ఫోన్లు ఉంటాయి. మీరు ఎంత జాగ్రత్తగా కెమెరా పెట్టినా, గట్టు కింద కూర్చున్న కుర్రాడు మీరు మానుకున్న కోణంలోనే తీసి సాయంత్రానికి స్టేటస్ పెట్టేస్తాడు. అందుకని ఊరి పెద్దల్లో ఒకరిని, వీలైతే పొదుపు సంఘం మహిళల్లో ఒకరిని వెంట పెట్టుకొని, తాడు కట్టి, ఫోన్లు తీయవద్దని ముందే చెప్పండి. డ్రోన్ ఎగరేసేటప్పుడు చెరువు రేవుల మీదుగా, ఇళ్ల పెరళ్ల మీదుగా తిప్పవద్దు. స్నానం చేస్తున్న, బట్టలు మార్చుకుంటున్న స్త్రీని చిత్రీకరించడం న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. పొలంలో నిజంగా నాట్లు వేస్తున్న కూలీలను తీయాలంటే వారిని అడగాలి, కూలి డబ్బులు కూడా ఇవ్వాలి.

తీసిన ప్రతి కొత్త కోణాన్నీ డాన్సరుకు మానిటర్‌లో చూపించండి. ఆమె వద్దంటే అక్కడే మార్చడం పది నిమిషాల పని. బృందంలో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే ఫిర్యాదు చేయడానికి దారి ఉందని కూడా ఆమెకు తెలియాలి: పదిమంది కంటే తక్కువ మంది పనిచేసే చోట్ల కోసం 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీని ఏర్పాటు చేసింది, ఘటన జరిగిన మూడు నెలల్లోపు అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు. సాయం కోసం మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. ఒప్పంద కాగితం అడుగున ఈ రెండు సంగతులూ రాసి ఇవ్వడానికి ఖర్చేమీ కాదు.

ఎడిటింగ్, రంగు, థంబ్‌నైల్

షూటింగ్‌లో ఎంత పద్ధతిగా ఉన్నా ఎడిటింగ్ టేబుల్ దగ్గర అంతా తారుమారు కావచ్చు. నెమ్మది చేసిన ప్రతి ముక్కకూ "ఎందుకు" గడిని మళ్లీ చూడండి. ఆ తరువాత రంగు దిద్దేటప్పుడు ఆమె ముఖాన్ని తెల్లబరిచే అలవాటును మానండి. ఎండలో పనిచేసే మన ఊరి అమ్మాయి కథ చెబుతూ, ఆమె ఒంటిని సున్నం కొట్టినట్లు చేస్తే, వెనకనున్న తాటిచెట్లు కూడా తెల్లబోతాయి.

థంబ్‌నైల్ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. అతి మర్యాదగా తీసిన పాటలకు కూడా, అందులో అరసెకను కూడా నిలవని ఒక ఫ్రేమును వెతికి పట్టుకొని, పెద్దది చేసి, ఎర్ర అక్షరాలు వేసి అతికిస్తున్నారు. ఆన్‌లైన్ పాటకు సెన్సారు సర్టిఫికెట్ అక్కర్లేదు కాబట్టి ఏ చట్టమూ వర్తించదని కొందరి నమ్మకం. కానీ అసభ్యమైన సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురిస్తే ఐటీ చట్టం 67వ సెక్షన్ వర్తిస్తుంది. పాత్రలిద్దరి ముఖాలూ, వారి మధ్య జరుగుతున్న తగాదా కనిపించే ఫ్రేమును ఎంచుకొని, విడుదలకు ముందు నాయికకు పంపండి. "అలా పెడితే వ్యూస్ రావు" అనే మాట తప్పక వినిపిస్తుంది. కొన్ని వ్యూస్ తగ్గనూవచ్చు, అది అబద్ధమని నేను అనను. అయితే ఆ థంబ్‌నైల్ చూసి వచ్చినవాడు పాట వినడానికి రాలేదు కాబట్టి ఆ ఫ్రేము కనిపించగానే వెళ్లిపోతాడు; ఇంట్లో అందరి ముందూ టీవీలో పెట్టుకుని మళ్లీమళ్లీ చూసేవారే పాటను పెళ్లిళ్ల దాకా మోసుకెళతారు.

విడుదలయ్యాక

పాట పెట్టిన గంటలోనే కామెంట్లు మొదలవుతాయి, వాటిలో సగం పాట గురించి కాక ఆమె గురించి ఉంటాయి. యూట్యూబ్ స్టూడియోలో నిషేధిత పదాల జాబితా పెట్టుకునే వీలుంది. మన యాసలోని బూతులను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాలతో రాసే రకరకాల పద్ధతుల్లోనూ అందులో చేర్చండి. అనుమానాస్పద కామెంట్లను పరిశీలనకు ఆపే సెట్టింగును పెట్టి, రోజుకు ఒకసారి చూసే బాధ్యతను ఒకరికి అప్పగించండి, ఆ పని ఆమెకే వదిలేయవద్దు. ఆమె ఫొటోలను మార్చి ఎవరైనా పెడితే లింకులను, స్క్రీన్‌షాట్లను భద్రపరిచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి గానీ, జాతీయ సైబర్ నేరాల పోర్టల్లో గానీ ఫిర్యాదు చేయడానికి ఛానల్ తరఫునే ఎవరైనా తోడు ఉండాలి. వాడకుండా మిగిలిపోయిన ఫుటేజీని ఎవరి ఫోన్లలోనూ ఉంచకుండా చెరిపేయించండి.

పాట బాగా నడిస్తే జాతర కమిటీల నుంచి పిలుపులు వస్తాయి. వేదిక మీద అదే స్టెప్పును వందల మంది ముందు, కెమెరా చాటు లేకుండా వేయాల్సి ఉంటుంది కాబట్టి, వెళ్లాలో వద్దో ఆమే నిర్ణయించుకోవాలి, దానికి వేరే పారితోషికం ఉండాలి. ఒప్పుకుంటే, వేదిక నేల కంటే మనిషి ఎత్తున ఉండాలనీ, ముందు వరుసకూ వేదికకూ మధ్య కంచె కట్టాలనీ, ఎవరూ పైకెక్కి డబ్బులు చల్లకూడదనీ, తిరుగు ప్రయాణానికి బండి సిద్ధంగా ఉండాలనీ కమిటీతో ముందే రాయించుకోండి. అడ్వాన్సు అందుకోవడం ఆ కాగితం మీద సంతకాలు అయిన తరువాతే.